ఒంటిచెవి గొర్రె

వచ్చింది. చెవి వచ్చింది. ఆ గుడ్డమూట చూడగానే నాకు తెలిసిపోయింది, ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు, బతుకంతా పశువుల డాక్టరుగా చేసినదాన్ని, మా వైపు ఆడమనిషి కొంగుకి ముడేసుకుని తెస్తే అది దుడ్లు, పాతగుడ్డలో చుట్టి ఒంటికి దూరంగా పట్టుకుని తెస్తే అది చచ్చిన గొర్రె చెవి. గుమ్మం దగ్గర చెప్పులు వదిలి, వదిలిన చెప్పుల్ని మళ్ళీ కాలితో పక్కకి జరిపి, లోపలికి రావాలా వద్దా అని నిలబడింది ఆ మనిషి. రామ్మా రా, నిలబడ్డావేం, నీ కోసమే కదా ఇన్ని నెలలుగా ఈ ప్లాస్టిక్ కుర్చీలో నడుము పడిపోయేలా కూర్చున్నాను అని అరవాలనిపించింది. అరవకూడదు. నేను నోరు తెరవకూడదు, అదీ రూలు. బుగ్గలో వక్కని ఇంకో బుగ్గలోకి తోసుకుని, కిటికీలోంచి గుట్ట మీది గాలిమరల వంక చూస్తూ, ఏమీ పట్టనట్టు కూర్చున్నాను. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానో లేదో మాత్రం గుర్తు రావడం లేదు.

ఈ ఊరి పశువుల ఆస్పత్రికి డాక్టర్ని నేను కాదు. బల్ల వెనకాల కూర్చుని దూడకి నులిపురుగుల మందు కొలుస్తున్నాడే, ఆ ఓబులేష్ డాక్టరు. నేను రిటైరైన వెంకటలక్ష్మమ్మను, వీడికి కాపలా. కాపలా అంటే వెటర్నరీ కౌన్సిల్ వాళ్ళకి కోపం, పర్యవేక్షణ అనాలట, ఏదైతే ఏం, రోజూ అనంతపురంలో బస్సెక్కి రాప్తాడు దాటి ఇంత దూరం వచ్చి వీడి పక్కన కూర్చోవడమే నా పని. వీడి రిజిస్ట్రేషన్ రెండేళ్ళు ఆపేసి, తిరిగి ఇస్తూ ఒక మెలిక పెట్టారు. ఆరు నెలలు ఒక పెద్ద డాక్టరు దగ్గరుండి చూడాలి, ఈ మనిషి చేతికి మళ్ళీ నోరులేని జీవాల్ని అప్పజెప్పొచ్చా లేదా అన్నది తేల్చాలి. ఆ గడువు ఈ వారంతో ఆఖరు. నేను అవునంటే వీడు డాక్టరు, కాదంటే వాళ్ళన్న టమోటా మండీలో పెట్టెలు లెక్కపెట్టుకుంటూ బతకాలి. అవుననడానికి నాలుక దురద పెడుతోంది, కానీ ఎట్లా అనేది? ఈ ఆరు నెలల్లో కాన్పులు చేశాడు, విరిగిన కాళ్ళకి కట్లు కట్టాడు, టీకాలు వేశాడు, అన్నీ బంగారంలా చేశాడు, అయితే వీడు తప్పు చేసింది వాటిల్లో కాదే! వీడు తప్పు చేసింది చెవుల్లో. వీడి పక్కన ఒక ముసలిది కాపలా ఉందని తెలిసి, గొర్లున్నవాళ్ళు ఒక్కరు కూడా ఈ గుమ్మానికి చెవి తేలేదు, బస్సెక్కి పక్క ఊళ్ళకి పోయారు. దొంగచెవి కానీ, నిజం చెవి కానీ, ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నేను చూడనిది చూశానని చెప్తే, వీడికీ నాకూ ఇంక తేడా ఏముంటుంది?

గొర్రెకి ఇన్సూరెన్సు చేసేటప్పుడు చెవికి నంబరు బిళ్ళ కొడతారు. అది చస్తే డాక్టరు వెళ్ళి కళేబరాన్ని చూసి, ఎందుకు చచ్చిందో తేల్చి సంతకం పెట్టాలి, పుస్తకంలో అట్లానే ఉంది. ఆ పుస్తకం రాసినవాడు మా ఎండలో మంద వెనక ఒక్క పూట నడిచి ఉంటే బాగుండేది. ఇక్కడ గొర్రె పడిపోయిందంటే డాక్టరుకి కబురు అందేలోపు గిన్నెలు పట్టుకుని నలుగురు చేరతారు, ప్రాణం ఉండగానే కత్తి పెట్టి పాళ్ళు వేసుకుంటారు, లేకపోతే ఆ మాంసం ఎవరికీ దక్కదు. కాపరికి మిగిలేది చర్మమూ చెవీ. చర్మం అంగడికి, చెవి డాక్టరుకి. డాక్టరు బిళ్ళ మీద నంబరు చూస్తాడు, సంతకం గీకుతాడు, తర్వాతి చెవి పట్రా అంటాడు. ఓబులేష్ అదే చేశాడు. పాత ఊళ్ళో వీడొక్కడే డాక్టరు, చుట్టూ బోలెడన్ని పల్లెలు, అన్నిటికీ తిరగాలంటే పొద్దు చాలదు, నిజమే, అంతా నిజమే. ఒక ఆదివారం గొర్రెల సంతలో మా తమ్ముడికి పొట్టేలు బేరం చేస్తున్నాను, నా మోకాలికి ఏదో రాసుకుంది, చూస్తే గొర్రె, ఒంటిచెవి గొర్రె, రెండో చెవి ఉండాల్సిన చోట నున్నగా మానిపోయిన మోడు. పాపం ఏ కుక్క కొరికిందో అనుకున్నా. దాని వెనక ఇంకోటి. దాని పక్కన మరోటి. మందలో సగానికి ఒక్కో చెవే! శుభ్రంగా నెమరేసుకుంటూ నిలబడ్డాయి, ఆరా తీస్తే తేలింది, ఇన్సూరెన్సు డబ్బు కోసం బతికుండగానే చెవులు కోశారు, సంతకాల ప్రకారం మాత్రం అవన్నీ చచ్చిపోయాయి, ఆ సంతకాలేమో నా దగ్గర పని నేర్చుకున్న నా ఓబులేష్‌వి. ఆ మంద తాలూకు పెద్దమనిషి తెల్లచొక్కా నలక్కుండా తప్పించుకున్నాడు, అది వేరే మంట. పైవాళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను. విచారణలో అడిగితే వీడు తల వంచుకుని, మేడం చెప్పింది నిజమే, నేను చూడలేదు, అన్నాడు. పైసా తినలేదు వీడు. చూడలేదు, అంతే. మా పనిలో చూడకపోవడం తినడం కంటే చిన్న తప్పేం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను, అట్లా అనుకుంటూనే ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను కూడా.

కూర్చోమ్మా, పేరేంది, అంటున్నాడు వీడు. తిరుపాలమ్మ అంది ఆ మనిషి. వంక అవతల కొట్టాల్లో ఉంటారట, మొగుడు ఆంజినప్ప సగం మందని తోలుకుని మేత కోసం కర్ణాటక వైపు పోయాడట, మిగిలిన సగం ఈమె, ఈమె అత్తా చూసుకుంటున్నారట. మాట్లాడుతూనే మూట విప్పింది. నల్లచెవి, కొస తెల్లగా ఉంది, పచ్చబిళ్ళ మెరుస్తోంది. బల్ల మీద పెట్టి చేతులు పైటకి తుడుచుకుని, గొర్రె సచ్చిపాయ సారూ, సంతకం పెట్టు, అంది. అంతే, ఎక్కువ తక్కువలేం లేవు. నేను కుర్చీ అంచుకి వచ్చేశాను. కళ్ళజోడు ఏది? నెత్తి మీద ఉంది. తీసి పెట్టుకున్నా ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది, వీడి తలకాయ అడ్డం, జరగరా ఓబులేషూ కొంచెం! జరగడు. జరగమని చెప్పకూడదు నేను. మొదటి నెలలో ఒకసారి ఎద్దుకి సూది వేస్తుంటే ఆగలేక, డోసు చూసుకో నాయనా అనేశాను, వీడు సూది పక్కన పెట్టి చాలా మెల్లగా, మీరు చెప్తే చేసేది మీరవుతారు మేడం, నేను కాదు, అన్నాడు. చెంప మీద కొట్టినట్టయింది. మాటొచ్చినప్పుడల్లా వక్క కొరుకుతున్నాను అప్పట్నుంచీ, ఈ ఆరు నెలల్లో నేను మింగిన మాటలకి లెక్కలేదు, కొరికిన వక్కలకీ లేదు, కింద పన్ను ఒకటి కదులుతోంది కూడా.

పెట్టకు. సంతకం పెట్టకు. వీడు కలం తీసి పక్కన పెట్టుకున్నాడు, ఎందుకు తీశాడు కలం? పెట్టకు నాయనా, అదిగో అట్లా పెట్టే కదా ఇంత దూరం వచ్చింది, నంబరు చూస్తున్నాడు, చూడు, నంబరు చూసి ఊరుకుంటే అయిపోయినట్టే. మళ్ళీ ఆ ఆడమనిషిని చూస్తే కాళ్ళకి ఎర్రమన్ను మోకాళ్ళదాకా, పరుగెత్తుకుని వచ్చినట్టుంది, రొప్పు ఇంకా తగ్గలేదు, రెండు పిల్లలున్న తల్లిగొర్రె సారూ అంటోంది, దొంగచెవి తెచ్చే మొహమా ఇది? దొంగచెవులు తెచ్చేవాళ్ళు కార్లో వస్తారు, ఇంకొకడి చేత పంపిస్తారు, నాకు తెలీదా? పెట్టేయరాదూ, ఒక్క సంతకం, పేదది. అయ్యో, నేనేనా ఇట్లా అనుకుంటున్నది, వీడి కోసం పెట్టొద్దని, ఆమె కోసం పెట్టమని, ఒకే మనిషిలో రెండు నోళ్ళు, రెండూ అరుస్తున్నాయి. రేపూ ఎల్లుండీ సెలవట కదా సారూ, అందుకే ఉరుక్కుంటా వచ్చినా, అంటోంది తిరుపాలమ్మ. గుమ్మంలో నిలబడి దూడ తాడు పట్టుకున్న ఐజాక్ ఇటే చూస్తున్నాడు. ఐజాక్ ఇక్కడి అటెండరు, ఓబులేష్ అంటే ప్రాణం, వీడికి మంచి జరగాలని చర్చిలో ప్రార్థన పెట్టించాడట, నా చెవిన పడేలా ఎవరికో చెప్పాడు. ఇప్పుడు వాడి పెదాలు కదులుతున్నాయి. దూడ తాడు నములుతోంది, వాడికి తెలీడం లేదు.

ఓబులేష్ చెవిని చేతిలోకి తీసుకున్నాడు. అమ్మయ్య, తీసుకున్నాడు! పాత రోజుల్లో ముట్టుకునేవాడు కాదట, పుల్లతో తిప్పేవాడట. తీసుకుని, కోసిన అంచుని వెలుతురుకి పెట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బొటనవేలితో అంచుని నొక్కాడు. ఏం చూస్తున్నాడు అంతసేపు? నాకు ఒక్కసారిగా ఐజాక్ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది, సారుకి మతి పోయింది మేడం, ఈ రెండేండ్లూ ఆదివారం ఆదివారం అనంతపురం పాతూర్లో మటన్ అంగళ్ళ కాడ నిలబడి చెవులు అడుక్కున్నాడు, కోసి ఎంతసేపైందని అడిగి అడిగి, వాళ్ళు నవ్వుతాంటే ఈయన సంచిలో ఏసుకుని పోతాండ్య, అని. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. పాపభీతి పట్టుకుందనుకున్నాను, చెవులు దాచుకుని ఏడుస్తున్నాడు కాబోలు పిచ్చివెధవ అనుకున్నాను, ఎందుకురా అని అడగడానికి నోరు రాలేదు. నేను అనుకున్నవన్నీ తప్పే అని ఇప్పుడు అనిపిస్తోంది. వీడు లేచాడు. చెవి పట్టుకుని మూల కొళాయి దగ్గరికి నడిచాడు. నీళ్ళు వదిలాడు.

కడుగుతున్నాడు! వక్క గొంతుకి అడ్డం పడబోయింది నాకు. వీడు చెవిని కడుగుతున్నాడు, ఓరి నాయనా, ఇది కదా చూడడం అంటే! చచ్చిన తర్వాత కోస్తే నెత్తురు పైపైన అంటుకుంటుంది, నీళ్ళకి పోతుంది, అంచు తెల్లగా తేలిపోతుంది. ప్రాణం ఉండగా కోస్తే నెత్తురు కండలోకి ఇంకి గడ్డకట్టుకుంటుంది, ఎంత కడిగినా పోదు. చదువుకున్నప్పుడు మాకూ చెప్పారు, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. వీడు చిన్నగా, ఒక్కొక్క వెంట్రుకా విడదీసి కడుగుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను, లేచిన సంగతి నాకే తెలీదు, నిలబడకూడదని రూల్లో లేదు. కొళాయి కట్టేశాడు. వెనక్కి తిరిగాడు, అంచు ఎర్రగా అట్లాగే ఉంది. పోలేదు. అంటే ఇది దొంగచెవే. ఆ మాట నా లోపల పెద్దగా వినబడింది, ఆ వెనకే ఎంత సంతోషమో, సిగ్గులేదు నాకు, పట్టేశాడు, నా ఓబులేష్ పట్టేశాడు, ఇంక సంతకం పెట్టడు, అయిపోయింది, గెలిచాడు, రిపోర్టు ఇవ్వాల్సిన సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే ఫోను చేసి చెప్పేస్తాను! మరి ఆ తిరుపాలమ్మ? ఆమె గతేంటి? ఆమె మొహం అప్పటికే పాలిపోయింది, గోడకి ఆనుకుంది. వీడు ఆమె దగ్గరికి వెళ్ళి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏం అడుగుతాడు, ఎంత పెద్ద గొంతుతో అడుగుతాడు అని చూస్తున్నాను. చాలా మామూలుగా, జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినట్టు అడిగాడు.

“అమ్మా, దీన్ని కోసేటప్పుడు గొర్రె ఊపిరి తీస్తాండ్యనా?”

కట్ట తెగినట్టు వచ్చింది తిరుపాలమ్మకి మాట.

“తీస్తాండ్య సారూ. కింద పడిపాయ, కాళ్ళు సాపేసినాది, కండ్లు తేలేసినాది. ఇంగ అది లేస్తాదా? సెలవులు రెండు దినాలంట. ఆలోపల కుక్కలు చెవి పీక్కపోతే నేను యాడికి పోవల్ల? ఎట్లాగూ సచ్చేదే కదా అని ముందే కోసుకోనొచ్చినా. కేసు పెడతారా సారూ?”

కడుపు ఉబ్బిందా అని అడిగాడు వీడు. ఉబ్బింది, డప్పులా ఉబ్బింది, తెల్లారుజామున ఉలవచేన్లో పడి పచ్చిగా మేసింది. ఏ వైపు ఉబ్బింది? ఎడమవైపు. అక్కణ్ణుంచి ఇక్కడికి? వంక దాటి అడ్డంగా ఉరుక్కుంటూ వచ్చింది. ఇదంతా అడుగుతూనే వీడి చేతులు అల్మారా తెరిచి సంచిలో ఏవో పడేస్తున్నాయి, లోపల సూది దూర్చిన, డొక్కలోంచి గాలి తీసే ఇనుప గొట్టం, సీసా, దూది, ఐజాక్‌ని పిలిచి ఎవరింట్లోనైనా చెనిక్కాయల నూనె ఒక సీసా పట్టుకుని వెనకాలే రమ్మన్నాడు, చెవిని గుడ్డలో మళ్ళీ చుట్టి ఆమె చేతికే ఇచ్చేశాడు. బండి తాళాలు తీసుకున్నాడు. కేసు పెడతారా సారూ అని ఆమె ఇంకోసారి అడిగింది, వీడు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, గొర్రె ఇంకా ఉండొచ్చు, ఎక్కమ్మా ముందు, అన్నాడు.

నేను అక్కడే కొయ్యలా నిలబడిపోయాను. సంతకం పెడతాడా, పెట్టడా, పొద్దున్నుంచీ కాదు, ఆరు నెలల నుంచీ ఇదే నా తలకాయలో. పెడితే ఓడాడు, పెట్టకపోతే గెలిచాడు, అంతవరకే. ఆ చెవి అవతల ఒక గొర్రె ఉంటుందని, అది ఇంకా ఊపిరి తీస్తూ ఉండొచ్చని నాకు తోచనే లేదే! డాక్టర్నట నేను. వీడికి ఆ ఎర్రటి అంచులో దొంగతనం కనిపించలేదు, ప్రాణం కనిపించింది. బండి స్టార్టయింది, తిరుపాలమ్మ ఎక్కింది, నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను, ఆగరా, నేను చూడకపోతే ఎట్లా, చూడ్డానికే కదా నన్ను పెట్టింది! ఆ మాట కూడా పైకి అనలేదు, ఊరికే వెళ్ళి వెనక ఎక్కి కూర్చున్నాను. అరవై దాటిన మోకాళ్ళు ఎట్లా లేచాయో వాటికే తెలియాలి. వీడు అద్దంలో నన్ను చూసి గేరు వేశాడు. చీరకుచ్చిళ్ళు ఒక చేత్తో, తిరుపాలమ్మ భుజం ఇంకో చేత్తో.

రోడ్డు వదిలేసి గట్ల మీద పడ్డాం. ఎముకలన్నీ వేటికవి ఊడిపోతాయా అన్నట్టుంది, గులకరాళ్ళు ఎగిరి చీలమండకి తగులుతున్నాయి, ఎర్రమన్ను నోట్లోకి, కళ్ళలోకి, అయినా ఏం సంబరం నాకు, పెళ్ళికి పోతున్నట్టుంది, కాదు కాదు, చావింటికి కూడా కావచ్చు, ఉబ్బరం వచ్చిన గొర్రె ఎంతసేపు ఉంటుంది, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడితే మూడు పీల్పుల్లో పోతుంది, పోకుండా ఉండు తల్లీ, నీ పిల్లల మీద ఒట్టు, నీ పేరేంటో కూడా తెలీదు నాకు. ఎండిన చీనీతోట ఒకటి వెనక్కి పోయింది, ఆకులేని బత్తాయి కొమ్మలు, తర్వాత పచ్చగా ఉలవచేను, మొన్నటి జల్లుకి లేచింది కాబోలు, ఎన్నాళ్ళకో పడిన వాన, ఆ పచ్చని చూసి గొర్రె మాత్రం ఎట్లా ఊరుకుంటుంది! తిరుపాలమ్మ నా ముందు కూర్చుని ఏదో గొణుగుతోంది, చెవి మూట రెండు చేతులా గుండెకి ఆనించుకుంది, నా చేతి కింద ఆమె భుజం రాయిలా బిగుసుకుపోయింది. వంకలో నీళ్ళు లేవు, ఇసక ఉంది, ఇసకలో బండి కూరుకుపోయింది, ముగ్గురం దిగి తోశాం. నేను తోశాను! నీరసంగా ఉందని మొన్న కూతురితో ఫోన్లో మొత్తుకున్నదాన్ని నేనే.

గట్టెక్కగానే కానుగచెట్టు కింద జనం కనిపించారు. నలుగురు. చేతుల్లో గిన్నెలు. పని అయిపోయింది అనుకున్నాను. మధ్యలో ఒక ముసలామె, తిరుపాలమ్మ అత్త బయమ్మ, కత్తిని రాతి మీద నూరుతోంది, తాపీగా, నీళ్ళు చిలకరించుకుంటూ. నూరుతోందంటే ఇంకా కోయలేదు. ఓబులేష్ బండిని పడేశాడు, స్టాండు కూడా వేయలేదు, పరుగెత్తాడు, వాళ్ళ మధ్యలోంచి దూరి గొర్రె పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. అందరూ ఏమప్పా ఏమప్పా అంటున్నారు. నేను చేరేసరికి వీడు దాని కంటిరెప్ప మీద వేలు పెట్టి చూస్తున్నాడు. నల్లగొర్రె, ఎడమ డొక్క గుండ్రంగా పైకి లేచిపోయింది, నాలుక పక్కకి వేలాడుతోంది, కోసిన చెవి చోట ఈగలు. రెప్ప కదిలింది. నేను చూశాను, కళ్ళజోడు మీద మన్ను ఉన్నా చూశాను, కదిలింది!

“మేడం, ముందుకాళ్ళు పట్టుకోండి.”

నాకే చెప్పాడు. ఎవరి మేడం, ఏ కాపలా, నేను ఆ మట్టిలో చతికిలపడి రెండు ముందుకాళ్ళూ ఒడిలోకి లాక్కున్నాను. బయమ్మ కత్తి పట్టుకుని పక్కనే నిలబడి, ఇది బతికేది కాదు నాయనా, మాంసం చెడిపోతాది, వీళ్ళు పొద్దున్నుంచి కాచుకోనుండారు, అంది. వీడు ఆమె వైపు చూడలేదు. డొక్క మీద వేళ్ళతో కొలిచాడు, బొచ్చు పక్కకి తీశాడు, దూదితో తుడిచాడు, గొట్టం పెట్టాడు. పెట్టి ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం చూసి నా ప్రాణం పోయింది, వీడి చేతికి రెండేళ్ళు ఏ జీవమూ తగల్లేదు, ఈ ఆరు నెలల్లో ఇట్లాంటిది ఒక్కటి కూడా రాలేదు, ఇంకొంచెం పైకి నాయనా అనాలా, అక్కర్లేదా, సరైన చోటేనా అది? సరైన చోటే. నా నోట్లో వక్క లేదు, ఎక్కడో బండి మీద పడిపోయినట్టుంది, పెదాలు పళ్ళతో పట్టుకున్నాను. వీడు నొక్కాడు. టప్‌మని తెగింది, సూది వెనక్కి లాగాడు, గొట్టంలోంచి బుస్సుమంటూ గాలి, పుల్లటి కంపు, అబ్బ, ఎంత మంచి కంపు! గిన్నెలవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. గాలి తగ్గి నురగ రావడం మొదలైంది, నురగైతే నూనె కావాలి, నూనె యాడ, ఐజాక్ యాడ? అదిగో టీవీఎస్ చప్పుడు, పాపం సగం నూనె చొక్కా మీదే పోసుకుని వచ్చాడు. మిగిలిన సగం గొట్టంలోకి పోశాడు ఓబులేష్, అరచేత్తో డొక్కని మెల్లగా పిసుకుతూ, ఏదో అంటూ, గొర్రెతోనే అంటున్నాడు, మాకెవరికీ కాదు.

ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు చాలాసేపు. నా ఒడిలో ఆ కాళ్ళు చల్లగా ఉన్నాయి. బయమ్మ నా పక్కనే కూర్చుంది, కత్తి కింద పెట్టి, తన కొంగుతో ఈగల్ని తోలుతోంది. రెండు పిల్లలు ఎక్కణ్ణుంచో వచ్చి తిరుపాలమ్మ కాళ్ళ మధ్య తలలు దూర్చి అరుస్తున్నాయి. అప్పుడు గొర్రె గొంతులోంచి ఒక పెద్ద తేన్పు వచ్చింది. పెద్దమనిషి భోజనం చేసి తేన్చినట్టు! గిన్నెలు పట్టుకున్నవాళ్ళలో ఒకాయన నవ్వేశాడు. ఇంకో తేన్పు. నాలుక లోపలికి పోయింది. నా ఒడిలో కాళ్ళు తన్నాయి, వదలండి మేడం అన్నాడు వీడు, వదిలాను, అది మోకాళ్ళ మీదకి లేచింది, పడింది, మళ్ళీ లేచింది, నిలబడింది. నిలబడి తల విదిలిస్తే ఉన్న ఒక్క చెవీ టపటపా కొట్టుకుంది. పిల్లలు పొదుగు కిందికి దూరాయి. నేను ఏడుస్తున్నాను, ముక్కు చీదుకోవడానికి చీర అంతా నురగా మన్నూ, ఐజాక్ ఆకాశంలోకి చూస్తూ ఏదో అంటున్నాడు. ఎంత ఆనందం, ఓరి దేవుడా, మొదటి ఉద్యోగంలో మొదటి దూడని లాగినప్పుడు కూడా ఇంత లేదు.

గిన్నెలవాళ్ళు ఒక్కరొక్కరే ఖాళీ గిన్నెలతో వెళ్ళిపోయారు. ఎవరికీ కోపం లేదు, ఒకాయన పోతూ పోతూ గొర్రె వీపు మీద తట్టి పోయాడు. ఓబులేష్ గొట్టం తీసి కుట్టు వేశాడు, చెవి మోడుకి మందు రాశాడు, ఈ పొద్దంతా మేత పెట్టొద్దన్నాడు, రెండో చెవికి కొత్త బిళ్ళ కొట్టడానికి సెలవులయ్యాక తోలుకుని రమ్మన్నాడు, ఈ పాత చెవి సంగతి ఇన్సూరెన్సు వాళ్ళకి ఉన్నదున్నట్టు తనే చెప్తానన్నాడు. తిరుపాలమ్మ అన్నిటికీ తల ఊపింది. మూట ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చెట్టు కింద చిన్న గుంట తీసి, దాన్ని అందులో పెట్టి, కాలితో మన్ను కప్పింది. కప్పి, గొర్రె వంక చూసి, మళ్ళీ వీడి వంక చూసి, ఏదో అడగాలని అడగలేక నిలబడింది. ఏందమ్మా అన్నాడు వీడు.

“కాదు సారూ, ఒంటిచెవిది కదా. రేపు సంతకు తోలుకపోతే, దొంగగొర్రె అంటారు. ఎవురు కొంటారు? అడిగితే ఏమని చెప్పల్ల?”

సంత. ఆ మాట వీడి ముందు ఎవరూ ఎత్తరు, ఐజాక్ కూడా ఎత్తడు. వీడు చేతులకి అంటిన నూనె మట్టితో రుద్దుకుంటున్నాడు, రుద్దడం ఆపలేదు, తల ఎత్తాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు.

“ఓబులేష్ డాక్టరు చూసినాడని చెప్పు.”

ఒంటిచెవి గొర్రె పక్కన వీడి పేరు. ఆ రెండూ కలిసి వినబడినందుకు రెండేళ్ళు ఈ జిల్లాలో నవ్వని మనిషి లేడు. ఇప్పుడు వీడే తన నోటితో వాటిని పక్కపక్కన పెట్టి ఒక ఆడమనిషి చేతికి ఇచ్చాడు, సంతలో చూపించుకో అని. నేను ఇంక ఆగలేకపోయాను. ఇన్ని నెలలు మింగినవన్నీ ఒక్కసారిగా పైకి వచ్చాయి, ఏది ముందు అనాలో తెలీలేదు, తీరా నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే మాట.

“ఎంకటలక్ష్మమ్మ మేడం కూడా ఈడే ఉన్నింది, కండ్లారా చూసింది అని చెప్పమ్మా.”

ఓబులేష్ నా వైపు తిరిగాడు. కేసు మధ్యలో మాట్లాడకూడదు మేడం, అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కేసు అయిపోయింది లేరా, అన్నాను నేను.